ఆకలిని పండుగగా వడ్డించడం: యుద్ధకాలపు వీధి విందుల పునరభినయంపై ఒక నైతిక విచారణ

మే నెల మొదటి వారంలో ఇంగ్లండు పల్లెల్లో కొన్ని వీధులకు రాకపోకలు నిలిపివేస్తారు. ఇళ్ళలోని బల్లలను నడివీధిలోకి తెచ్చి వరుసగా చేరుస్తారు. ఈ ఇంటినుంచి ఎదురింటికి ఎరుపు, తెలుపు, నీలం రంగుల తోరణాలు కడతారు. తలకు రుమాలు చుట్టుకున్న స్త్రీలు, పాత సైనిక దుస్తులు తొడుక్కున్న పురుషులు 1940ల నాటి పాటలకు అడుగులు వేస్తారు. బల్లలమీద డబ్బా మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లు, క్యారెట్ కేకులు, కూరగాయలతో చేసిన 'ఊల్టన్ పై', తేనీరు ఉంటాయి. జర్మనీ లొంగిపోయిందన్న ప్రకటన వెలువడిన 1945 మే 8న బ్రిటన్ వీధుల్లో జరిగిన విందులకు ఇది పునరభినయం. 1995లో, 2025లో ఇవి దేశమంతటా జరిగాయి. 2020లో మహమ్మారి కారణంగా ఎవరి వాకిట్లో వారు కూర్చుని జరుపుకొన్నారు. బ్రాంటీ సోదరీమణుల ఊరైన హావర్త్ వంటి చోట్ల '1940ల వారాంతం' పేరుతో ఇటువంటి వేడుక చేస్తారు.

ఒక తరం కొరతగా అనుభవించినదాన్ని మరొక తరం సమృద్ధిలో కూర్చుని వేడుకగా తినడం నైతికంగా ఎటువంటి చర్య అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. వేడుక చేసుకునేవారి ఉద్దేశాన్ని శంకించడం ఇక్కడి పని కాదు. ఆ బల్లల దగ్గర కూర్చునే వృద్ధుల్లో కొందరు 1945లో అవే వీధుల్లో జెల్లీ తిన్న పిల్లలు. వారి ముఖాల్లోని సంతోషం నిజమైనది. అయితే సంతోషం నిజమైనంత మాత్రాన జ్ఞాపకం కూడా నిజమైనదవుతుందా అన్నది వేరే విచారణ.

ముందుగా అసలు విందు ఎటువంటిదో చూడాలి. బ్రిటన్‌లో ఆహారపు రేషను 1940 జనవరి 8న బేకన్, వెన్న, చక్కెరలతో మొదలైంది. కాలాన్నిబట్టి మారుతూ వచ్చినా ఒక మనిషికి వారానికి దక్కింది సుమారుగా 2 ఔన్సుల వెన్న, 2 ఔన్సుల తేయాకు, 8 ఔన్సుల చక్కెర, దొరికితే ఒక గుడ్డు. రెండు ఔన్సులంటే 57 గ్రాములు. మన ఇళ్ళలో ఒక పూట పోపుకూ వడ్డనకూ అయ్యే నెయ్యిని ఏడు రోజులకు సర్దుకోవడమన్నమాట. 1940 చివరలో అరటిపండ్ల దిగుమతి ఆగిపోయింది. పార్స్‌నిప్ అనే తెల్లని దుంపను ఉడకబెట్టి, మెదిపి, చక్కెరా సువాసన ద్రవమూ కలిపి పిల్లలకు 'అరటిపండు' అని పెట్టిన తల్లులున్నారు. గోదావరి లంకల పాఠకుడికి ఇది హాస్యంగా తోచవచ్చు. కాని అరటిపండంటే ఏమిటో తెలియని పిల్లవాడికి దాని ఊహనైనా అందించాలని ఆ తల్లి పడిన తాపత్రయం హాస్యం కాదు. ఇక ఆహారమంత్రి లార్డ్ ఊల్టన్ పేరు మోసిన కూరగాయల 'పై' పుట్టింది పేదింటి పొయ్యిమీద కాదు, లండన్‌లోని సావోయ్ హోటల్ వంటశాలలో. పొదుపు కూడా పైనుంచి కిందికి ప్రచారం ద్వారా దిగింది. ఈ సంగతి వేడుకల్లో అంతగా వినిపించదు.

1945 మే 8 నాటి బల్లలమీదికి వచ్చింది ఈ రేషనులోంచి మిగిల్చిన వస్తువే. ఒక ఇంటి చక్కెర, మరొక ఇంటి జామ్, ఇంకొకరు అల్మారాలో అయిదేళ్ళుగా దాచిన పండ్ల డబ్బా కలిస్తే ఒక వీధి విందు అయింది. తోరణాలకు వాడే నూలుగుడ్డ ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటే కొద్దిరోజులపాటు కూపన్లు లేకుండా కొనుక్కోవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. సంతోషానికి సైతం కూపన్ల లెక్క ఉన్న కాలమది. పైగా ఆ విందు కొరతకు ముగింపు కూడా కాదు. అదే నెలాఖరులో బేకన్ కోటా ఇంకా తగ్గింది. యుద్ధమంతా రేషను లేకుండా దొరికిన రొట్టెకు 1946 జూలైలో, అంటే గెలిచిన తర్వాత, రేషను వచ్చింది. మాంసంపై చివరి నియంత్రణ తొలగింది 1954 జూలైలో. కాబట్టి అసలు విందులో పాల్గొన్నవారు తిన్నది జ్ఞాపకాన్ని కాదు, తమ వచ్చే వారపు చక్కెరను. నేటి విందులో లేనిది ఈ అంశమే. రుచిని, దుస్తులను, పాటను తిరిగి తెచ్చుకోవచ్చు. త్యాగాన్ని తెచ్చుకోవాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

గతాన్ని ఏ మేరకు తిరిగి తెచ్చుకోగలమన్న ప్రశ్నను సూక్ష్మంగా ఆలోచించిన తత్త్వవేత్త ఆర్. జి. కాలింగ్‌వుడ్. ఆయన మరణానంతరం 1946లో వెలువడిన 'ది ఐడియా ఆఫ్ హిస్టరీ'లో చరిత్ర రచనను గతకాలపు ఆలోచనను చరిత్రకారుడు తన మనస్సులో పునరభినయించుకోవడంగా నిర్వచించాడు. అయితే ఆయన ఒక గీత గీశాడు. ఆలోచన తిరిగి ఆలోచించదగినది. ఒకానొక క్షణంలోని ఇంద్రియానుభూతి మాత్రం ఆ క్షణంతోనే పోతుంది. ఈ గీతను మన విషయానికి అన్వయిస్తే ఆకలి ఆ గీతకు అవతల పడుతుంది. ఎన్ని పార్స్‌నిప్‌లు మెదిపినా 1942 నాటి ఆకలి తిరిగి రాదు, రానవసరమూ లేదు. అయితే మనిషికి 57 గ్రాముల చొప్పున దక్కిన వెన్నతో నలుగురికి వారం గడపడమెట్లా అన్న ఆ గృహిణి లెక్క ఆలోచన. అది గీతకు ఇవతల ఉంది. నిజంగా అంతే వెన్నతో, అంతే చక్కెరతో ఆ కేకును చేసి చూసినవారు, ఆ కేకు సరిగా పొంగకపోవడం చూసినవారు, కాలింగ్‌వుడ్ అర్థంలో చరిత్ర చేస్తున్నారు. బజారునుంచి కావలసినంత వెన్న తెచ్చి 'యుద్ధకాలపు కేకు' అని చీటీ అంటించినవారు చేస్తున్నది వేషం. బయటికి రెండూ ఒకే బల్లమీద ఒకే రకంగా కనిపిస్తాయి.

ఇక్కడ మన అలంకారశాస్త్రం వైపునుంచి ఒక ఆక్షేపం రావచ్చు. శోకాన్ని కరుణరసంగా ఆస్వాదించడం సహృదయుడికి దోషం కానప్పుడు, ఆకలిని విందుగా ఆస్వాదించడం మాత్రం దోషమెందుకవుతుంది? రసమన్న మాటను భరతుడు వివరించిందే వంటకపు దృష్టాంతంతో. నానా వ్యంజనాలతో సంస్కృతమైన అన్నాన్ని తినే సుమనస్కుడు రసాలను ఆస్వాదించినట్లే ప్రేక్షకుడు స్థాయిభావాలను ఆస్వాదిస్తాడన్నాడు. ఆ లెక్కన వీధి విందు కూడా ఒక నాట్యమే కదా అనవచ్చు.

ఈ ఆక్షేపం బలమైనదే. అయితే రసనిష్పత్తికి ఒక నిబంధన ఉంది. భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు తనదైన రీతిలో స్వీకరించిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం రంగస్థలంపై శోకం 'నాది' కాదు, 'శత్రువుది' కాదు, 'తటస్థుడిది' కూడా కాదు. స్వగతమనో పరగతమనో నిర్ణయించుకుని ఒక దేశకాలానికి అంటిపెట్టుకోవడాన్ని, తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాల్లో లెక్కించాడు. వీధి విందు చేసేది సరిగ్గా ఆ అంటిపెట్టుకోవడమే. మన వీధి, మన అమ్మమ్మ, మన విజయం అన్న మమకారమే దాని ప్రాణం. కరుణరసంలో శోకం విశ్వజనీనమై ఆస్వాద్యమవుతుంది. వీధి విందులో కొరత స్వకీయమై తీపి అవుతుంది. కనుక రసశాస్త్రం దానికి రక్షణ ఇవ్వలేదు. మమకారం తప్పని కాదు, కాని మమకారంతో చేసే పనిని మమకారపు కొలతతోనే కొలవాలి. 'మన' అన్న మాటలో ఎవరెవరున్నారని అడగాలి.

బాధను తిని గుర్తుంచుకునే సంప్రదాయాలు ప్రపంచంలో లేకపోలేదు. యూదులు పస్కా పండుగనాడు చేదు ఆకులు, పులియని రొట్టె తింటారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి రోజుల్లో 1941 నవంబరు 20 తరువాత నెల రోజులకు పైగా ఉద్యోగులకు, పిల్లలకు, ఇతర ఆధారితులకు రోజుకు దక్కింది 125 గ్రాముల రొట్టె. ఇటీవలి ఏళ్ళలో రష్యాలో ముట్టడి స్మారకదినాలకు అంతే బరువున్న రొట్టె ముక్కను జనానికి పంచుతున్నారు. ఆ స్మరణకు రాజకీయ ప్రయోజనాలు ఉండవచ్చు, అది వేరే సంగతి. ఈ రెండుచోట్లా చేదును చేదుగానే ఉంచారు, కొలతను కొలతగానే ఉంచారు. వాటితో పోలిస్తే వీధి విందు కొరతను తీపి చేసుకుంది. బ్రిటన్ యుద్ధకాలపు కొరత అటువంటి మార్పుకు లొంగేది కావడం అందుకు ఒక కారణం. అది కొరతే కాని కరువు కాదు.

ఈ భేదం వద్ద కొంచెం ఆగాలి. అమర్త్యసేన్ తన రచనల్లో ఒక వింత వాస్తవాన్ని ఎత్తి చూపాడు. యుద్ధం జరిగిన 1940ల దశకంలో ఇంగ్లండు, వేల్స్‌లలో సగటు ఆయుఃప్రమాణం ఆరేళ్ళకు పైగా పెరిగింది. దాని ముందు, వెనుక దశకాలకంటే అది ఎక్కువ. తలసరి ఆహారం పెరగలేదు, ఉన్నది పంచుకునే పద్ధతి మారింది. రేషను పుస్తకం రాజకుటుంబానికీ ఉంది, గనికార్మికుడికీ ఉంది. లోపాలు లేవని కాదు. హోటళ్ళలో భోజనానికి కూపన్లు అక్కరలేదు, డబ్బున్నవాడికి ఆ దారి తెరిచే ఉంది. 1942లో భోజనం ధరకు అయిదు షిల్లింగుల పరిమితి పెట్టినా ఆ దారి పూర్తిగా మూసుకోలేదు. అయినా మొత్తంమీద ఒక జాతి తన చరిత్రలో అంత సమంగా తిన్న కాలం అంతకు ముందు లేదనవచ్చు. నా దృష్టిలో ఆ తరం పునరభినయించదగిన పని ఏదైనా చేసిందంటే అది ఇదే. ఆ విందుల్లో వండి చూపించడానికి వీలుకాని వంటకం కూడా ఇదే.

అదే యుద్ధంలో, అదే ప్రభుత్వం కింద ఆ పుస్తకం చేరని చోట్లు ఉన్నాయి. 1942 మార్చిలో రంగూన్ పతనంతో బర్మా బియ్యం ఆగిపోయింది. జపాను సేన వస్తే చిక్కకూడదని బెంగాల్ తీరంలో పడవలను, బియ్యపు నిల్వలను ప్రభుత్వమే తీసివేయించింది. యుద్ధ పరిశ్రమలున్న కలకత్తాకు రాయితీ ధరకు బియ్యం అందింది. పల్లెలకు అందలేదు. 1943లో కూలి, జాలరి, చేతివృత్తివాడు బియ్యం కొనలేక రాలిపోయారు. విచారణ సంఘం 1945లో మృతుల సంఖ్యను 15 లక్షలుగా అంచనా వేసింది. తరువాతి పరిశోధకుల అంచనాలు 30 లక్షల వరకు వెళ్ళాయి. సేన్ 1981లో ప్రకటించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్'లో ఇది ధాన్యం లేకపోవడంకంటే ధాన్యంపై హక్కు లేకపోవడంవల్ల వచ్చిన కరువని వాదించాడు. ధాన్యపు లోటు కూడా గణనీయమేనన్న ప్రతివాదం ఉంది. ఆ వివాదం ఎటు తేలినా, ఒకచోట ఆయుర్దాయాన్ని పెంచిన పంపిణీ సూత్రం మరొకచోట సకాలంలో అమలు కాలేదన్నది వివాదాంశం కాదు.

బర్మా మాట వచ్చింది కనుక తెలుగువారి భాగాన్ని కూడా చెప్పుకోవాలి. రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనిచేసిన కూలీల్లో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవారు పెద్దసంఖ్యలో ఉండేవారు. కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ వారిని 'కోరంగీ'లని పిలిచేవారు. 1941 డిసెంబరులో రంగూన్‌పై బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అరకాన్ కనుమలగుండా, మణిపూర్ కొండలగుండా కాలినడకన బయలుదేరారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది చనిపోయారు. ఆ దారుల్లోనూ తెల్లవారికొకటి, నల్లవారికొకటి అన్న విభజన జరిగిందన్న ఫిర్యాదు ఆనాటినుంచే ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడేనాటికి ఆ నడక ఇంకా సాగుతూనే ఉంది.

పంక్తి అన్న భావన మన సమాజంలో ఎంత లోతైనదో తెలుగు పరిశోధకులకు వివరించనక్కరలేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినవచ్చునన్నదే ఇక్కడ మనిషి విలువను నిర్ణయించింది. 'అపాంక్తేయుడు' అన్న మాట శిక్షాస్మృతిలోని మాటంత బరువైనది. సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలను ఉద్యమరూపంగా ఎంచుకున్నది అందుకే. ఈ కోణంనుంచి చూస్తే వీధి విందుపై అడగవలసిన ప్రశ్న మరికొంత స్పష్టమవుతుంది. ఏం వడ్డించారన్నదానికంటే పంక్తిలో ఎవరున్నారన్నది ముఖ్యం. యుద్ధకాలపు ఆకలిని తలచుకునే పంక్తిలో, ఆ యుద్ధంలో ఆకలితో చనిపోయినవారు అపాంక్తేయులుగా మిగిలారు. ఎవరో ద్వేషంతో లేవగొట్టలేదు. వాళ్ళకు కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు.

దీనికి ఎదురయ్యే గట్టి ప్రతివాదం అవిషయ్ మార్గలిత్‌ది. 2002లో వెలువడిన 'ది ఎథిక్స్ ఆఫ్ మెమొరీ'లో ఆయన మనుషుల సంబంధాలను చిక్కనివి, పలచనివి అని రెండుగా విభజించాడు. కుటుంబం, ఊరు, జాతి మొదటివి. సాటిమనిషి అన్న నాతామాత్రం రెండవది. స్మరించే బాధ్యత ప్రధానంగా చిక్కని సంబంధాలకు చెందినదని ఆయన వాదం. యార్క్‌షైర్ పల్లె తన అమ్మమ్మలను తలచుకుంటుంది. మేదినీపూర్ మృతులను తలచుకోవలసినవారు మేదినీపూర్ వారు. ప్రతి విందునూ ప్రపంచపు దుఃఖమంతటికీ జవాబుదారీ చేస్తే ఎవరూ ఎక్కడా భోజనానికి కూర్చోలేరు.

ఈ వాదంలో ఇంగితం ఉంది. కాని రెండు అభ్యంతరాలు చెప్పాలి. మొదటిది, సామ్రాజ్యం పలచని సంబంధం కాదు. ఒకే రాజు పేరిట పాతిక లక్షల భారతీయులు సైన్యంలో చేరిన యుద్ధంలో, ఒకే మంత్రివర్గం ఓడలను ఎటు పంపాలో తేల్చిన యుద్ధంలో, ఇరుపక్షాల సంబంధం చిక్కగానే ఉంది, అసమానంగా ఉందంతే. అవసరమైనప్పుడు చిక్కనిదై, తలచుకోవలసినప్పుడు పలచనిదయ్యే సంబంధం ఏమిటో మార్గలిత్ విభజన చెప్పదు. రెండవది మన కర్మకాండలోనే కనిపిస్తుంది. తద్దినం కూడా చనిపోయినవారిని తలచుకుంటూ తినే భోజనమే. పోయినవారికి ఇష్టమైన వంటకం చేయడం మన ఇళ్ళలో మామూలు. గోత్రనామాలతో జరిగే ఆ కర్మ మార్గలిత్ చెప్పిన చిక్కని సంబంధానికి పరాకాష్ఠ. అటువంటి తర్పణంలో సైతం తల్లీ తండ్రీ బంధువూ లేనివారందరికీ నీళ్ళు వదలడం ఒక అంగంగా ఉంది. పంక్తిభేదాన్ని అంత కఠినంగా పాటించిన సంప్రదాయం తన మృతుల పంక్తిలో దిక్కులేనివారికి చోటు వదిలింది. బతికున్నవారి పంక్తిలో వదలకపోవడం మన సిగ్గు, అది వేరే వ్యాసం.

ఇంతవరకు చెప్పినది ఒక ఇంగ్లిషు పల్లెపై తీర్పుగా ధ్వనించే ప్రమాదం ఉంది. మన సంగతి చూద్దాం. గుంటూరు నందన కరువు (1832–33), ధాత కరువు (1876–78) వంటివాటిని సంవత్సర నామాలతో గుర్తుపెట్టుకున్న భాష మనది. 1943 నాటి కొరతకు అటువంటి పేరు లేదు. ఉన్నది ఒక్క మాట. తెలుగు పల్లెల్లో ప్రభుత్వ చౌకధరల దుకాణాన్ని నేటికీ 'కంట్రోలు షాపు' అంటారు, అక్కడి బియ్యాన్ని 'కంట్రోలు బియ్యం' అంటారు. యుద్ధకాలపు నియంత్రణ ఉత్తర్వుల వాసన ఆ మాటలో ఉంది, పలికేవారికి తెలియదు. తెలంగాణలో 'లెవీ' అన్న మాట ఇంకొంచెం చేదైనది. యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం రైతులనుంచి నిర్బంధంగా సేకరించిన ధాన్యం సాయుధ పోరాటానికి దారితీసిన ఆగ్రహాల్లో ఒకటి. పెద్ద భూస్వామి గాదె నిండుగా ఉండగా చిన్నరైతు గింజలు కొలిచి ఇచ్చాడు. ఇంగ్లండు పల్లె తన కొరతను తీపిచేసి గుర్తుంచుకుంది. మనం మనదాన్ని మాటల్లో పాతిపెట్టి మరిచాం. వీటిలో ఏది ఎక్కువ దోషమో చెప్పడం సులభం కాదు.

ఒక పరిస్థితిని ఊహించుకుందాం. నేడు బ్రిటన్ పట్టణాల్లో, పల్లెల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వీధి విందుకు పిలుపు వారికీ వస్తుంది. ఎవరింటినుంచి వారు ఒక వంటకం తేవాలన్నది అక్కడి పద్ధతి. శ్రీకాకుళం మూలాలున్న ఒక ఇల్లాలు ఆ బల్లమీదికి ఏం తీసుకెళ్ళాలి? పులిహోర తెస్తే అందరూ మెచ్చుకుంటారు. అది ఆతిథ్యం, స్మరణ కాదు. 1943 గురించి ప్రసంగం చేస్తే పంక్తిలో కూర్చున్న తొంభయ్యేళ్ళ ముసలమ్మను ముద్దాయిని చేసినట్లవుతుంది. ఆమె ఆనాడు పార్స్‌నిప్ తిన్న పిల్ల మాత్రమే. ఈ రెండింటికీ మధ్య మూడో మార్గం ఉందని నా అభిప్రాయం. పక్కనున్నవారు తమ అమ్మమ్మ రేషను పుస్తకాన్ని చూపుతూ కథ చెప్పినప్పుడు, అదే ఏడు తన తాత రంగూన్ మిల్లు వదిలి ఏ దారిన నడిచాడో, దారిలో ఏం తిన్నాడో అదే స్వరంతో చెప్పడం. అది అభియోగం కాదు, ఒకే పంక్తిలో మరొక ఆకు వేయడం. ముసలమ్మ వింటుంది. వినకపోవచ్చు కూడా.

కాని అలా చెప్పాలంటే ఆ ఇల్లాలికి ఆ దారి తెలియాలి. పార్స్‌నిప్ అరటిపండు ఎలా చేయాలో ఇంగ్లండులో ఏ పాత వంటల పుస్తకంలోనైనా దొరుకుతుంది. అరకాన్ కనుమల్లో మనవాళ్ళు ఏ ఆకులు ఉడకబెట్టుకున్నారో, ఎవరి గుప్పెడు బియ్యం ఎంతమంది పంచుకున్నారో ఎక్కడ వెతకాలి? బర్మానుంచి నడిచి వచ్చినప్పుడు తల్లి చంకలో ఉన్న పిల్లలకు ఇప్పుడు ఎనభయ్యేళ్ళు దాటాయి. వారిలో కొందరు విశాఖ, శ్రీకాకుళం, తూర్పుగోదావరి జిల్లాల్లో ఇంకా ఉండవచ్చు. తల్లి చెప్పగా విన్నది వారికి గుర్తుండవచ్చు. మన శాఖల్లో మౌఖిక సాహిత్య సేకరణకు వెళ్ళే విద్యార్థుల ప్రశ్నావళుల్లో పాటలకు, పొడుపుకథలకు, పండుగ వంటలకు గడులుంటాయి. ఆ నడకలో ఏం తిన్నారన్న ప్రశ్నకు ఇంకా గడి గీయవలసి ఉంది.